నేను పైకెల్లి చుట్టిన తాడు

ఇగ ఎవ్వలన్న నన్ను ‘ఇంజినీర్ మేడం’ అన్నరనుకో, గ్రూపులకెల్లి సీదా రిమూవ్ చేస్త. జోక్ కాదు. అడ్మిన్ నేనే.

శ్రావ్య ఏడ పోయింది, ఆన్‌లైన్ల ఎందుకు లేదు, ఫోన్ పగిలిందా, లవ్ ఫెయిలా అని ఒకటే మెసేజ్‌లు. ఫోన్ మంచిగనే ఉంది. లవ్ ఉంటె గదా ఫెయిల్ అయితానికి! మొన్న ఇచ్చోడ దిక్కు అవ్వతోని మా మామోళ్ల ఇంటికి పోయిన. ఆడ ఒక ఎద్దు సచ్చేదాంక వచ్చింది. ఎవ్వలతోని? మీ ఇంజినీర్ మేడంతోని. ఇగ వినుండ్రి. నడుమల స్టిక్కర్లు పెట్టకుండ్రి, ఫ్లో పోతది. నవ్వకుండ్రి సుత. నాకు ఇంకా నవ్వు వస్తలేదు.

మా రాజు మామ తెల్సు గదా? అవ్వ తమ్ముడు, అంటె సొంత మేనమామ. తెల్వనోళ్లకు చెప్తున్న. ఆయనకు ఒక పాత జీపు ఉంది. దాని ముంగట బంపర్ మీద వించ్ ఉంటది. వించ్ అంటె ఏం లేదు, మోటర్‌తోని తిరిగే ఒక డ్రమ్ము, దానికి చుట్టిన పొడుగు తాడు. బురదల కూరుకపోయిన ట్రాక్టర్‌కు తాడు కొస తగిలిచ్చి రిమోట్ మీద బటన్ ఒత్తితె, డ్రమ్ము తిరుగుకుంట తాడును లోపటికి గుంజుకుంటది. ట్రాక్టర్ బయటికొస్తది. ఆ దిక్కు వానకాలం నల్లరేగడి ఎట్లుంటదో తెల్సా? కాలు మనది, చెప్పు భూమిది. అందుకే మామకు మస్తు గిరాకి.

ఆ డ్రమ్ముకు ముందుగాల్ల ఇనుప తీగల తాడు ఉండె. పాతదయ్యి దాని తీగలు తెగి ముండ్ల లెక్క లేచినయ్. ఆ ముండ్లల్ల ఒకటి మామ కుడి అరచేతిల దిగింది. చెయ్యి బూరె లెక్క ఉబ్బింది. దవాఖానల కట్టు కట్టిండ్రు. మామకు కోపమొచ్చి ఆన్‌లైన్ల సింథటిక్ తాడు తెప్పిచ్చిండు. నైలాన్ దండెం అనుకోకుండ్రి. ఇనుముకు తక్కువ లేదు, పట్టుకుంటె మాత్రం పత్తి లెక్క అల్కగ ఉంటది. నీలి రంగు. నేనైతే చున్నీ లెక్క మెడల ఏస్కొని స్టేటస్ పెట్టిన. మీరే గదా లైకులు కొట్టింది.

తాడు వచ్చింది. మామ చెయ్యేమో లేస్తలేదు.

“రేపు ఇచ్చోడ తీస్కపోయి మెకానిక్‌తోని చేపిద్దాం తీ” అన్నడు.

“రేపెందుకు మామా? నేను లేనా?”

“నీకొస్తదా కోడలా?”

“మామా! నేను సాంచాల ఇంట్ల పుట్టిన. బాపు బట్టనేసే బీముకు ఎన్ని వేల పోగులు చుట్టి ఉంటయో నీకు తెల్సా? గవి చూస్కుంట పెరిగినదానికి గీ ఒక్క తాడు లెక్కనా?”

“పోగులు చుట్టుడు ఏరే, బరువు గుంజే తాడు చుట్టుడు ఏరే.”

“చుట్టుడు చుట్టుడే మామా.”

గీ మాట నేను ఎంత టెక్కుతోని అన్ననో మీకు చెప్తలేను. అవ్వ అయితె పొయ్యి కాడికెల్లి అరిసింది. “అరేయ్ తమ్మీ, దానికి ఇయ్యకు! మొన్న మిక్సీ బాగు చేస్తనని ఇప్పింది. గిన్నె ఎడమకు, మూత కుడికి, బ్లేడు ఇంకా దొరకలే!”

మామ నవ్విండు. ఆయనకు పిల్లలు లేరు, నేనేమన్నా నమ్ముతడు. నాకు అదొక్కటే ఇప్పుడు కలుక్కుమంటది.

“సరే గని, పాత తీగ ఇప్పకముందు అది డ్రమ్ముకు ఎట్ల చుట్టి ఉందో ఒక ఫోటో తీస్కో. కొత్తది అచ్చం అట్లనే చుట్టాలె” అని చెప్పి డీజిల్ కోసం పోయిండు.

ఫోటో తీస్కున్న. సెల్ఫీ తీస్కున్న. చెంపకు గ్రీజు పూస్కొని, పానా భుజం మీద పెట్టుకొని. ఫోటోల సగం నా మొఖం, సగం నా జుట్టు. డ్రమ్ము నా చెవి ఎనుక ఏడనో ఉంది.

ఇగ పని షురూ. పాత తీగ మొత్తం గుంజి అవుతల పడేసిన. కొత్త తాడు కొసకు ఒక ఇనుప రింగు ఉంటది. దాన్ని డ్రమ్ము అంచుకు బోల్టు పెట్టి బిగియ్యాలె. బిగిచ్చిన. నిజం చెప్తున్న, బోల్టు పర్ఫెక్ట్. ఇంత జరిగినంక సుత ఆ బోల్టును ఎవ్వలు ఒక్క మాట అన్లే.

తర్వాత చుట్టుడు. తాడు డ్రమ్ము కిందికెల్లి రావాల్నా, పైకెల్లి రావాల్నా? నాకు డౌటే రాలే. బాపు సాంచ కాడ, అదే మరమగ్గం కాడ, బీముకెల్లి పోగులన్ని పైకి లేచి వస్తయ్. చిన్నప్పటికెల్లి కండ్ల ముంగట ఉన్న బొమ్మ అదే. నా చెయ్యి దానంతట అదే తాడును డ్రమ్ము పైకెల్లి తెచ్చింది. ఇగ చుట్టిన సూడుండ్రి! వరుస పక్కకు వరుస, ఒకదాని మీద ఒకటి ఎక్కకుంట, సీరె అంచు లెక్క. ఆ జిల్లాల అంత ముద్దుగ ఎవ్వలు చుట్టి ఉండరు. అంత ముద్దుగ, మొత్తం ఉల్టా.

గా సంగతి నాకు అప్పుడే తెల్వాలె. రిమోట్ మీద రెండు బటన్లు ఉన్నయ్. ఇన్ అని ఒకటి, అవుట్ అని ఒకటి. ఇన్ ఒత్తితె తాడు లోపటికి రావాలె. ఒత్తిన. బయటికి పోయింది. అవుట్ ఒత్తిన. లోపటికొచ్చింది.

మీరైతె ఏమనుకుంటరు? నేను తప్పు చుట్టిన అనుకుంటరు. నేనేమనుకున్ననో తెల్సా? రిమోట్ తప్పు అనుకున్న. ఎవ్వడో నిద్రమొఖపోడు లోపట వైర్లు ఉల్టా పెట్టిండు అనుకున్న. ఇంత మంచిగ చుట్టిన తాడు మల్ల ఇప్పుతమా? అవ్వ సంచిలకెల్లి బొట్టుబిళ్లల అట్ట తీసిన. గుంజే బటన్ మీద ఎర్ర బిళ్ల. వదిలే బటన్ మీద ఆకుపచ్చ బిళ్ల. ప్రాబ్లం సాల్వ్!

మామ వచ్చి రిమోట్ చూసిండు.

“గీ బొట్లేంది?”

“ఎర్రది గుంజుతది మామా, పచ్చది వదుల్తది. కొత్త తాడుకు గిట్లనే ఉంటదట.”

“కంపెనోళ్లు చెప్పిండ్రా?”

“ఆ.”

ఎవ్వలు చెప్పలే. కంపెనోళ్ల మొఖం నేను చూడలే.

వాకిట్ల ఖాళీ బండి ఉంటె దానికి తగిలిచ్చి గుంజి చూపెట్టిన. సాఫ్‌గ వచ్చింది. చదును జాగల ఖాళీ బండి ఎట్లనైనా వస్తది, అది నాకు తట్టలే. మామ మస్తు ఖుషీ అయ్యిండు. వచ్చేటోళ్లను పోయేటోళ్లను పిలిచి “మా కోడలు చేసింది, ఇంజినీర్ చదువుతుంది” అని చూపెట్టిండు. నేను డిప్లొమా, గది సుత ఫస్ట్ ఇయర్. కాదని నేను సుత చెప్పలే.

పొద్దు జర వంగినంక ఫోన్ వచ్చింది. గణపత్ కాక అని, పక్క గూడెం దిక్కు ఉంటడు. ముసలాయన. ఇంట్ల మరాఠీ, బయట మనతోని తెలుగు. ఆయన ఎద్దు చేను నడుమ ఉన్న నీళ్ల గుంటల పడ్డదట. మొన్న వానకు గుంట ఒడ్డు మొత్తం మెత్తగయ్యింది, నీళ్లు తాగుతానికి దిగి జారింది. ఎంత మంది గుంజినా రాలేదట. జేసీబీ పిలుద్దామంటె చేన్ల దిగితె అదే కూరుకపోతది.

“రాజూ, జర జల్ది రా బాబూ. సర్జా దమ్ము ఇడుస్తుంది” అన్నడు. సర్జా ఆ ఎద్దు పేరు. స్పీకర్ల ఇన్న. ఆ గొంతు ఇన్నంక నేను ఇగ సెల్ఫీలు తియ్యలే.

తొవ్వల మామ చెప్పిండు. కాకకు ఎడ్ల జోడి ఉండె. ఒకటి పోయిన ఎండకాలం పాము కుట్టి సచ్చింది. ఇది ఒక్కటే మిగిలింది. పక్కాయన ఒంటెద్దుతోని దీన్ని కలిపి, ఒక రోజు ఆయన చేను, ఒక రోజు ఈయన చేను దున్నుకుంటుండ్రు. ఇది పోతె ఆయన చేను పడావు పడ్తది. అంతకంటె ముందు ముసలాయన పడ్తడు అన్నడు మామ.

పోయి చూసినం. గుంటల నల్లటి బురద. ఎద్దు పొట్టదాంక మునిగింది. తెల్లది, కని తెలుపు ఏడ కనపడ్తలేదు. మొన్ననే ఎడ్లకు పూజ చేసే పొలాల పండుగకు కొమ్ములకు ఏసిన ఎర్ర రంగు ఒక్కటి కనపడ్తుంది. తల పైకి పెట్టి ముక్కుల పొంటి బుస్సు బుస్సుమంటుంది. అరుస్తలేదు. అరిసే ఓపిక లేదు. కాక బురదల మోకాళ్లదాంక దిగి దాని గంగడోలు రాస్తుండు.

జీపు గట్టి మొరం ఉన్న కట్ట మీద నిలబెట్టినం. ఎనుక టైర్లకు రాళ్లు పెట్టినం. లారీల సామాన్లకు కట్టే ఎడల్పు బెల్టులు రెండు, ఒకటి ఎద్దు రొమ్ము కింద, ఒకటి పొట్ట కింద ఏసిండ్రు. రెండిటిని కలిపి మా నీలి తాడు కొక్కెం తగిలిచ్చిండ్రు. తాడు మీద తడి గోనెసంచి ఏసిండ్రు, తెగితె మీదికి రావద్దని.

“రిమోట్ ఎవ్వలు పడ్తరు?” అన్నడు కాక.

మామ కట్టు కట్టిన చెయ్యి చూపెట్టి, “కోడలు పడ్తది. ఆ బొట్ల సంగతి దానికే ఎరుక” అన్నడు.

నేను జీపు పక్కకు నిలబడ్డ. పెద్దోళ్లందరు నా దిక్కు చూస్తుండ్రు. నిజం చెప్తె ఆ టైంల నాకు జర గొప్పగనే అనిపిచ్చింది. ఎర్ర బిళ్ల ఒత్తిన.

డ్రమ్ము తిరిగింది. తాడు బిగుసుకుంది. ఎద్దు జర ముందుకు కదిలింది. “ఆ! వస్తుంది, వస్తుంది!” అని అందరు. ఇంకా ఒత్తిన. ముంగటి కాళ్లు బురదలకెల్లి లేచినయ్. రొమ్ము ఒడ్డుకు ఆనింది. సగం ఎద్దు బయట ఉంది. ఇంకొక్క దమ్ము పడితె అయిపాయె.

గప్పుడే కాక ఒర్రిండు.

“థాంబ్! థాంబ్! ఏ పోరీ, థాంబ్!”

నాకేం ఇనపడ్డదో చెప్పాల్నా? థంబ్. బొటనేలు. నేను రిమోట్‌ను చూపుడేలుతోని ఒత్తుతున్న. ముసలాయన దూరంకెల్లి గది చూసి, బొటనేలుతోని గట్టిగ ఒత్తుమంటుండు అనుకున్న! ఎంత తెలివైన ముసలాయన, ఇంగ్లీషుల చెప్తుండు అని సుత అనుకున్న! వేలు మార్చిన. బొటనేలు పెట్టి పానం పెట్టి ఒత్తిన.

ఆయన ఇంకా గట్టిగ “థాంబ్! థాంబ్!”

నేను ఇంకా గట్టిగ. “ఒత్తుతున్న కాకా! బొటనేలే పెట్టిన!”

ఆడ ఏమైతుందంటె, రొమ్ము కింద బెల్టు జారి పైకొచ్చి మెడకు పట్టింది. ఎద్దు నాలుక బయటికొచ్చింది. నాకు జీపు బానెట్ అడ్డం, కనపడ్తలేదు. థాంబ్ అంటె మరాఠీల ఆగు అని. ఆయనకు పరేషాన్ల తెలుగు పోయింది, మరాఠీ ఒక్కటే మిగిలింది.

మామ ఉరికొచ్చి “ఆపు! ఆపు శ్రావ్యా!” అన్నడు. గప్పుడు తెల్సింది. బొటనేలు తీసేసిన.

బటన్ ఇడిస్తె ఏం కావాలె? డ్రమ్ము ఏడిదాడ ఆగాలె. వించ్ లోపట బ్రేకు ఉంటది, అది పట్టుకోవాలె. పట్టలే. నేను వేలు తీసుడే ఆలస్యం, డ్రమ్ము గిర్రున ఎనుకకు తిరిగింది. తాడు సర్రున పోయింది. ఎద్దు ఎంత పైకొచ్చిందో అంత ఎనుకకు జారి బుడుంగున పడ్డది. ముందు పొట్టదాంక ఉండె. ఇప్పుడు వీపు సుత మునిగింది. తల ఒక్కటే.



కాక బురదల పండి దాని గదువ కింద చెయ్యి పెట్టిండు. తల మునగకుంట తన ఒళ్లె పెట్టుకున్నడు. మెడకున్న బెల్టు ఇప్పిండు. చెవిల ఏదో చెప్తుండు. నాకు అర్థం కాలే. అర్థం కాలేదే మంచిగయ్యింది. మామకు అయ్యింది, ఆయన మొఖం అటు తిప్పుకున్నడు.

నా చేతిల రిమోట్ ఉంది. ఎర్ర బొట్టుబిళ్ల నా బొటనేలుకు అతుక్కొని వచ్చింది. దాన్ని చూస్కుంట నిలబడ్డ. ఏడుపు వచ్చిందా అని అడుగకుండ్రి. వచ్చింది. చాలా?

ఎవ్వలో అన్నరు, “చిన్నపిల్లకు ఇస్తరా గిసొంటిది?” ఇంకొకాయన, “తాడే మంచిది కాదు, ప్లాస్టిక్ గదా” అన్నడు. మామ జీపెక్కి రివర్స్ తీసి గుంజుదామని చూసిండు. కట్ట ఎడల్పు లేదు, ఎనుక లోతు. టైర్లు మొరంల తిరిగి పక్కకు జారుతున్నయ్. ఆపేసిండు.

“బ్రేకు ఎందుకు పట్టలే?” అని తనలో తనే అనుకుంటుండు. “నిన్నటిదాంక పట్టింది గదా. బ్రేకు పోతె ఒక్కసారి పోతదా?”

నిన్నటిదాంక పట్టింది. ఇయ్యాల పట్టలే. నడుమల ఏం మారింది? తాడు మారింది. నేను మార్చిన.

ఫోన్ తీసిన. సెల్ఫీ తీసిన కాడికి పోయిన. నా మొఖాన్ని పక్కకు జరిపి చెవి కాడ జూమ్ చేసిన. జుట్టు, జుట్టు, కమ్మ, దాని ఎనుక డ్రమ్ము. పాత తీగ డ్రమ్ము కిందికెల్లి వస్తుంది. తల లేపి జీపు దిక్కు చూసిన. నీలి తాడు డ్రమ్ము పైకెల్లి వస్తుంది.

“మామా.”

“ఏందే?”

“రిమోట్ మంచిగనే ఉంది మామా. నేనే ఉల్టా చుట్టిన.”

ఫోన్ చూపెట్టిన. చూసిండు. జీపు దిక్కు చూసిండు. నెత్తి కొట్టుకున్నడు. “బ్రేకు ఒక్క దిక్కే పడ్తదే! తాడు కిందికెల్లి వస్తెనే బరువును ఆపుతది. పైకెల్లి చుడితె మోటర్ తిరిగినంత సేపే. ఇడిస్తె పట్టది. మరి కంపెనోళ్లు చెప్పిండ్రంటివి?”

“చెప్పలే మామా. నేనే అన్న.”

కొడ్తడనుకున్న. కొట్టినా బాగుండు. “బొట్లు చూసినప్పుడే డ్రమ్ము చూడాలె నేను. చూడలే” అన్నడు. గంతే. తిడితె నేను ఎదురు మాట్లాడేదాన్ని, నాకు అలవాటే.

ఇగ ఏడుస్తానికి టైం లేదు. తాడు మొత్తం ఇప్పి కిందికెల్లి మల్ల చుట్టాలె. ఆడిదాంక కాక తలను పట్టుకొని ఉండాలె. కాక దగ్గరికి పోయి చెప్పుడు నా వంతు. పోయిన. బురదల మోకాళ్ల మీద కూసున్న.

“కాకా, తప్పు నాది. తాడు ఉల్టా చుట్టిన. ఇప్పుడు సీదా చుడ్త. జర పట్టుకుంటవా?”

ఆయన నన్ను చూసిండు. “పట్టుకోక ఏడ పోత పోరీ? జల్ది చెయ్” అన్నడు.

తాడు మొత్తం బయటికి గుంజినం. బోల్టు చూసిన, గట్టిగనే ఉంది. తాడును డ్రమ్ము కిందికెల్లి తెచ్చిన. ఈసారి ఇన్ బటనే ఒత్తిన, తాడు లోపటికే వచ్చింది. ఆకుపచ్చ బిళ్ల గీకి పడేసిన. నన్ను తిట్టినోళ్లే తాడు అవుతలి కొస పట్టుకొని బిగ్గట్టి గుంజుకుంట నిలబడ్డరు. వదులుగ చుడితె బరువు పడ్డప్పుడు పై వరుస కింది వరుసలల్ల దిగి ఇరుక్కుంటది, గందుకు. నేను చేత్తోని వరుస పక్కకు వరుస పెట్టుకుంట వచ్చిన. “వేళ్లు పైలం పోరీ, డ్రమ్ము కాడికి పోనియ్యకు” అని ప్లాస్టిక్ తాడన్నాయనే ఒకటే తీరుగ చెప్తుండు. ఎవ్వలు జోకులెయ్యలే. గుంటలకెల్లి కాక గొంతు ఒక్కటే, మెల్లగ, ఏదో పాట లెక్క.

మల్ల బెల్టులు కట్టిండ్రు. ఈసారి రెండిటి నడుమ ఇంకో బెల్టు అడ్డం కట్టిండ్రు, మెడకు జారకుంట. మామ ఎడమ చేత్తోని రిమోట్ పట్టుకుంటనని వచ్చిండు. నేను సుత ఇయ్యబోయిన. నాకు ఇగ దాన్ని ముట్టుకోబుద్దయితలేదు.

కాక బురదలకెల్లి ఒర్రిండు. “పోరికే ఇయ్యి రాజూ! ఉల్టా ఏందో దానికి తెల్సిపోయింది. మల్ల చెయ్యది.”

తర్వాత నన్ను చూసి అడిగిండు. “ఏ పోరీ, థాంబ్ అంటె ఏంది?”

“ఆగు అని కాకా.”

“ముందు ఏమనుకున్నవ్?”

చెప్పిన. ఏం చేస్త, అడిగిండు గదా. బొటనేలు అనుకున్న అని అందరి ముంగట చెప్పిన. ఎద్దు తల ఒళ్లె పెట్టుకొని, మెడదాంక బురదల ఉండి, ఆ ముసలాయన నవ్విండు. ఒక్కటే నవ్వు, గంతే. మల్ల మొఖం గట్టిగైంది. “ఇగ ఒత్తు” అన్నడు.

ఒత్తిన. ఈసారి బానెట్ పక్కకు, నాకు ఎద్దు కనపడేటట్టు నిలబడ్డ. తాడు బిగుసుకుంది. కదిలింది.

“థాంబ్!”

ఇడిసిన. నా గుండె సుత ఆగింది. తాడు తీగ లెక్క గట్టిగ ఉంది. డ్రమ్ము కదల్లే. ఎద్దు ఏడున్నదో ఆడనే ఉంది. బ్రేకు పట్టింది. నా జన్మల ఒక వస్తువు కదలకుంట ఉన్నందుకు గంత సంబురం ఎప్పుడు కాలే.

కాక బెల్టు సర్దిండు. “చాలూ దే!” అన్నడు, నడవనియ్యి అని. మల్ల ఒత్తిన. జెర పైకి. థాంబ్. ఆగినం. దానికి దమ్ము తీస్కోనిచ్చినం. మల్ల జెర. గిట్లనే, గిట్లనే. ముంగటి కాళ్లు, రొమ్ము, పొట్ట. ఎనుక కాళ్లు బురదలకెల్లి వచ్చేటప్పుడు పెద్ద సప్పుడు వచ్చింది, భూమి తన నోట్లెకెల్లి ఇడిసినట్టు. గడ్డి మీదికి వచ్చి పక్కకు పడ్డది.

పడ్డది, లేస్తలేదు. అందరం చుట్టు నిలబడ్డం. కాక దాని కాళ్లను గోనెసంచితోని రాస్తుండు. మామ నీళ్లు పోస్తుండు. నేను దాని పొట్ట చూస్తున్న, లేస్తుందా పడ్తుందా అని. లేస్తుంది, పడ్తుంది. గదొక్కటే చాలనిపిచ్చింది. పొద్దు గూకుతుంది అనంగ తల ఊపింది. ముంగటి మోకాళ్ల మీద లేచింది. మల్ల పడ్డది. మల్ల లేచింది. నిలబడ్డది. ఒళ్లు ఒక్కసారి జాడిచ్చుకుంది. మామ అంగి, నా డ్రెస్సు, నా మొఖం, అంత నల్లరేగడి. తుడుసుకోలే. తుడుసుకోబుద్ది కాలే.

ఇంటికొచ్చినంక అవ్వ తిట్టిన తిట్లు గీ గ్రూపుల రాసేటియి కావు. మామ అడ్డం పడ్డడు. “తప్పు చేసింది అదే, దొరకబట్టింది సుత అదే గదక్కా” అన్నడు. అవ్వ ఊకోలే. “దొంగతనం చేసినోడే దొంగను పట్టిస్తె ఇనామిస్తరా?” అన్నది. పాయింటే.

మా ఊరికి వచ్చినంక రోజూ మామకు ఫోన్ చేసి అడుగుతున్న, ఎద్దు తింటుందా, నడుస్తుందా అని. నిన్న నేను ఫోన్ల ఉండంగనే కాక ఆడికి వచ్చిండట. మామ స్పీకర్ పెట్టిండు.

“తింటుంది, తాగుతుంది” అన్నడు కాక. “కాలు సుత మంచిగైంది. ఒక్కటే తిప్పలు. పద అంటె ఎనుకకు పోతుంది.”

“భయం పట్టింది కాకా, పోతది మెల్లగ” అన్నడు మామ.

“పోతది, ఫికర్ లేదు. గని పేరు మార్చిన దానికి.”

“సర్జా మంచిగనే ఉండె గదా? ఏం పెట్టినవ్?”

“శ్రావ్య.”

మామ నవ్వు ఆపుకుంట అడిగిండు. “ఎద్దుకు ఆడపిల్ల పేరేంది కాకా?”

“మరి ముందుకు రమ్మంటె ఎనుకకు తోలేటోళ్లు నాకు ఇంకెవ్వలు ఎరుక లేరు బాబూ” అన్నడు కాక. “ఇంట్ల మా ముసల్ది సుత గదే పేరుతోని పిలుస్తుంది. శ్రావ్యా దా, శ్రావ్యా కుడితి తాగు, శ్రావ్యా పేడ ఏడబడ్తె ఆడ పెట్టకు.”

నవ్వుండ్రి ఇగ. ఇప్పుడు నవ్వుండ్రి, పర్మిషన్ ఇస్తున్న.

ఇయ్యాల పొద్దున మామ మెసేజ్ పెట్టిండు. శ్రావ్య చేన్ల సీదా నడిసిందట, ఒక్క అడుగు సుత ఎనుకకు ఎయ్యలేదట. అంటె ఇద్దరు శ్రావ్యలల్ల ఒకటి సీదా అయ్యింది. రెండోదాని మీద అవ్వ పని నడుస్తుంది.